గుయ్యిమంటుంది, తిరగదు: చింతగింజ ఇరుక్కున్న డిస్పోజల్ కేసు

డాలస్ శివారులో రెండు గుంటల స్టీలు సింక్ ఉన్న ఇల్లు. కుడి గుంట కింద అర హార్స్‌పవర్ గార్బేజ్ డిస్పోజల్ (ఎంగిలిని నలిపి నీళ్లతో గొట్టంలోకి పంపే మిషన్), పక్కనే డిష్‌వాషర్. శనివారం పదిహేను మందికి భోజనాలు పెట్టారు. పులిహోర, మునక్కాయ సాంబారు, గోంగూర పప్పు, పెరుగన్నం. రాత్రి తొమ్మిదింటికి కంచాలు కడుగుతుంటే డిస్పోజల్ ఆగింది. స్విచ్ వేస్తే రెండు మూడు సెకన్లు గుయ్యిమంటుంది, తర్వాత టక్కుమని ఆగిపోతుంది. ఇంటాయన సింక్ కింద దూరి, మిషన్ అడుగున వేడెక్కితే బయటికి తన్నే ఎర్ర బటన్ నొక్కాడు. మళ్లీ గుయ్యి, మళ్లీ టక్. ఇలా ఐదారుసార్లు అయ్యాక బటన్ లోపలికి పోయి నిలబడడం కూడా మానేసింది. ఈలోగా ఎడమ గుంటలోకి మెతుకులు తేలుతూ నీళ్లు ఎదురు ఎక్కడం మొదలైంది.

ఇంట్లో వాళ్లకి ఇది ఒకటే జబ్బులా కనిపించింది. నిజానికి రెండు. మిషన్ ఇరుక్కోవడం ఒకటి, కింద గొట్టం పూడడం ఇంకొకటి. రెండూ ఒకే రాత్రి ఒకే సింక్‌లో వచ్చాయి కాబట్టి ఒక మందుకే తగ్గుతాయనుకోవడం మామూలే. మిషన్ ఇరుక్కుంటే మందు కింద నుంచి అలెన్ కీతో, అంటే ఆరు పలకల వంకర కడ్డీతో. గొట్టం పూడితే మందు రబ్బరు కప్పున్న కర్ర, అంటే ప్లంజర్‌తో, బకెట్‌తో. మొదటిదానికి రెండోదాని మందు, అంటే ప్లంజర్, ఎంత వేసినా పని జరగదు.

చప్పుడే సగం చెబుతుంది

స్విచ్ వేసినప్పుడు ఏం వినిపిస్తోందన్నదే మొదటి ప్రశ్న. గుయ్యిమంటే కరెంటు మోటారు దాకా వస్తోంది, మోటారు తిరగాలని చూస్తోంది, ఏదో పట్టుకుని ఆపుతోంది. చప్పుడే లేకపోతే ఎర్ర బటన్ బయటికి తన్ని ఉండాలి, లేదా ప్యానెల్‌లో బ్రేకర్ పడి ఉండాలి, లేదా స్విచ్ పాడై ఉండాలి. గరగర శబ్దంతో తిరుగుతూ నీళ్లు మాత్రం పోకపోతే మిషన్ బాగానే ఉంది, తప్పు గొట్టంలో ఉంది. ఈ ఇంట్లో మొదట గుయ్యి, చివరికి నిశ్శబ్దం. అంటే ముందు ఇరుక్కుంది, తర్వాత పదేపదే ప్రయత్నించడంతో వేడెక్కి రక్షణ బటన్ తన్నేసింది.

లోపల ఏముందో తెలిస్తే ఇదంతా తేలికగా అర్థమవుతుంది. మిక్సీ జారులా బ్లేడ్లు ఉంటాయని అందరూ అనుకుంటారు. బ్లేడ్లు లేవు. అడుగున గుండ్రంగా తిరిగే ఉక్కు పళ్లెం ఒకటి, దాని మీద అటూ ఇటూ ఊగే రెండు లోహపు ముక్కలు ఉంటాయి. వీటిని లగ్గులంటారు. చుట్టూ గోడకు కదలని పళ్ల చట్రం ఉంటుంది. పళ్లెం తిరిగే వేగానికి ఆహారం బయటికి విసిరికొట్టుకుని చట్రం పళ్లకు ఒరుసుకుంటుంది, మెత్తగా అయ్యాక సందుల్లోంచి నీళ్లతో కిందికి జారుతుంది. కోయడం కాదు, తురమడం. ఐసు ముక్కలు వేస్తే బ్లేడ్లు పదునెక్కుతాయన్న మాట కూడా అందుకే ఉత్తిది. పదును పెట్టడానికి అక్కడ బ్లేడే లేదు. గోడలకు అంటిన జిడ్డును ఐసు కాస్త గీకి తీస్తుంది, అంతే.

లగ్గుకీ చట్రానికీ మధ్య సందు చాలా సన్నం. అరగనిది, జారనిది ఏదైనా ఆ సందులో చీలలా దిగితే పళ్లెం ఆగిపోతుంది. ఎక్కువ ఇళ్లలో ఉండే అర హార్స్‌పవర్ మిషన్‌లో ఇండక్షన్ మోటారు ఉంటుంది. అమెరికా 120 వోల్టుల, 60 హెర్ట్జ్ కరెంటు మీద అది నిమిషానికి సుమారు 1725 సార్లు తిరుగుతుంది. తిరగనివ్వకుండా పట్టుకుంటే మామూలు కన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది, ఆ కరెంటంతా తీగచుట్టలో వేడిగా మారుతుంది. ఎర్ర బటన్ తన్నేది ఆ వేడికే. దాన్ని వెంటనే నొక్కి మళ్లీ స్విచ్ వేయడమంటే ఆ చుట్టను ఇంకోసారి కాల్చడమే. ఐదారుసార్లు చేస్తే తీగ మీది వార్నిష్ మాడిన వాసన రావచ్చు. ఇక్కడ వాసన రాలేదు, కాబట్టి మోటారు బతికే ఉండాలి.

కరెంటు తీయడం, సరైన ప్లగ్గే తీయడం

సింక్ కింద ఒకే సాకెట్ పెట్టెలో రెండు ప్లగ్గులుంటాయి. ఒకటి డిస్పోజల్‌ది, ఒకటి డిష్‌వాషర్‌ది. చాలా ఇళ్లలో ఆ సాకెట్‌లో ఒక సగానికి మాత్రమే గోడ స్విచ్ ఉంటుంది, రెండో సగంలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. పైన స్విచ్ ఆపాం కదా అని కింద తడి చేత్తో తడమకూడదు. డిస్పోజల్ వైరు ఎటు పోతోందో వేలితో వెంబడించి చూసి, ఆ ప్లగ్గు పీకి, చివర కంటికి కనబడేలా బయట పడేయాలి. ప్లగ్గు లేకుండా నేరుగా గోడలోకి వైరు పోయిన మిషన్లూ ఉంటాయి. వాటికి ప్యానెల్‌లో బ్రేకర్ దింపాలి, దింపాక గోడ స్విచ్ వేసి చప్పుడు లేదని చూసుకోవాలి. ఈ మిషన్‌కు ప్లగ్గు ఉంది. పీకాక కూడా గోడ స్విచ్ మీద టేపు ముక్క వేశాం. వంటింట్లో లైటు స్విచ్ పక్కనే ఇదీ ఉంటుంది, వెనక నుంచి ఎవరో ఒకరు లైటనుకుని వేస్తారు.

కరెంటు తీసినా చెయ్యి లోపల పెట్టే పని లేదు. చట్రం పళ్లు గీసుకుంటాయి, పగిలిన గాజు ముక్క ఉంటే ఇంకా ఘోరం. టార్చి లైటు, పొడుగు పట్టకారు చాలు. పైన రబ్బరు మూతి పట్టకారుతో పక్కకు నొక్కిపెట్టి చూస్తే పులుసు రంగు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. చిన్న గ్లాసుతో, తర్వాత స్పాంజితో నీళ్లు తోడేశాక పళ్లెం కనబడింది. ఒక లగ్గు చుట్టూ మునక్కాయ పీచు దట్టంగా అల్లుకుని ఉంది. రెండో లగ్గు గోడకు ఆనుకుని బిగుసుకుంది. ఏది బిగించిందో పై నుంచి తెలియలేదు.

పావు అంగుళం కీ, ఆరు మిల్లీమీటర్లది కాదు

డిస్పోజల్ అడుగున సరిగ్గా మధ్యలో ఆరు పలకల రంధ్రం ఉంటుంది. అది మోటారు ఇరుసు చివర. దానికి చాలా మిషన్లలో పావు అంగుళం అలెన్ కీ పడుతుంది. ఇక్కడ ఇంటాయన అప్పటికే ఒక కీ ప్రయత్నించి చూశాడు, జారిపోయిందన్నాడు. చూస్తే అది బల్లతో పాటు వచ్చిన ఆరు మిల్లీమీటర్లది. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ మూడో వంతు మిల్లీమీటరు తేడాకే కీ లోపల దొర్లుతుంది, గట్టిగా తిప్పితే రంధ్రం పలకలు గుండ్రమైపోతాయి. ఒకసారి గుండ్రమైతే ఆ దారి మూసుకుపోయినట్టే. మిషన్‌తో పాటు వచ్చే వంకర కీ మొదటి రోజే పారేసి ఉంటారు. హార్డ్‌వేర్ షాపులో అంగుళాల సెట్టు కొంటే అందులో ఇది ఉంటుంది. ఒకటి గుర్తుంచుకోవాలి: అన్ని మిషన్లకీ ఈ రంధ్రం ఉండదు. రంధ్రం లేని వాటిని పై నుంచి చీపురు కర్రలాంటి చెక్క కర్ర లగ్గుకు ఆనించి తిప్పాలి.

సరైన కీ పెట్టి ఒక వైపు తిప్పితే అర అంగుళం కదిలి గట్టిగా ఆగింది. రెండో వైపు తిప్పితే అసలు కదల్లేదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, కదలని వైపే బలం పెట్టడం, కీకి పైపు తొడిగి లాగడం. అలా చేస్తే చీల ఇంకా లోపలికి దిగుతుంది. కదిలిన వైపుకే వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. ప్రతి ఊపుకీ చీల వెంట్రుకవాసి సడలుతుంది. ఐదారు ఊపులయ్యాక అర అంగుళం కదలిక అంగుళమైంది. ఇంకో రెండు నిమిషాలకు లోపల కటుక్కుమంది, కీ చుట్టూ తిరిగింది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని బటన్ నొక్కేస్తారు. ఆ తొందరే మళ్లీ జామ్ తెస్తుంది. కటుక్కుమన్నది పగిలింది కాదు, పక్కకు జరిగింది మాత్రమే. స్విచ్ వేయగానే పళ్లెం దాన్ని మళ్లీ విసిరి ఇంకో సందులో దిగగొడుతుంది. విడిపించడం సగం పని, బయటికి తీయడం మిగతా సగం. కీతో పళ్లెం పావు వంతు తిప్పడం, పైనుంచి లైటు వేసి చూడడం, పట్టకారుతో తీయడం, మళ్లీ పావు వంతు. ఇలా పూర్తిగా రెండు చుట్లు తిప్పి చూడాలి. కీ ఎక్కడా ఆగకుండా, గరుకు తగలకుండా తిరగాలి.

బయటికి వచ్చినవి ఇవి. చింతగింజలు ఏడు. అందులో ఒకటి నడుమ పగిలి, ఒక పక్క లోహం రాసుకున్న గీతతో ఉంది. ఇరుక్కున్నది అదే. నిమ్మకాయంత మునక్కాయ పీచు ఉండ. కరివేపాకు కాడలు. వీటి అడుగున ఒక పిన్నీసు. ఆ రాత్రి ఆపింది చింతగింజే కానీ, గింజ తీసి ఊరుకుని ఉంటే వచ్చే వారం పిన్నీసు ఆపేది.

ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ పులిహోరకు చింతపండు పిసికి, పిప్పిని సింక్‌లో వేశారు. "నూరేస్తుంది కదా అని వేశాను నాయనా" అన్నారు. తప్పు పట్టడానికి లేదు. ఇక్కడి దుకాణాల్లో గింజ తీసిన చింతపండు కొనే వాళ్లకి అందులో ఒకటీ అరా గింజ తగులుతుందేమో గానీ, ఊరి నుంచి తెచ్చిన కొత్త చింతపండులో గుప్పెడు ఉంటాయి. పులుసులో ఉడికినా చింతగింజ మెత్తబడదు, పైతోలు నున్నగా జారుతుంది. నున్నగా, గట్టిగా, ఒక వైపు పలచగా ఉండే వస్తువు కన్నా మంచి చీల ఎక్కడ దొరుకుతుంది?

బటన్‌కి పదిహేను నిమిషాలు

ఎర్ర బటన్ లోపలి రక్షణ చల్లబడందే నిలబడదు. నొక్కితే పైకి వస్తోందంటే పాడైందని కాదు, ఇంకా వేడిగా ఉందని. మామూలుగా పది నిమిషాలు చాలు. ఇది పదేపదే తన్నింది కాబట్టి పదిహేను ఆగాం. నొక్కితే చిన్నగా క్లిక్కుమని లోపలే ఉండిపోయింది. అప్పుడు ప్లగ్గు పెట్టి, చల్లటి నీళ్లు వదిలి, ఆ తర్వాతే స్విచ్. ఈ వరస మారకూడదు. ఒక్క సెకను వేసి ఆపి, చప్పుడు విని, మళ్లీ వేశాం. మోటారు సాఫీగా తిరిగింది.

కీతో ఇరుసు తేలికగా తిరుగుతున్నా స్విచ్ వేస్తే గుయ్యిమని ఊరుకునే కేసులు ఉంటాయి. అది జామ్ కాదు, మోటారు మొదలుపెట్టించే స్విచ్చో చుట్టో పోయింది. దాన్ని విప్పి బాగు చేయడం డబ్బు దండగ. అర హార్స్‌పవర్ కొత్త మిషన్ ఖరీదు ప్లంబర్ ఒకసారి గడప తొక్కినందుకు అడిగేదానికి పెద్ద దూరంలో ఉండదు. అడుగున ఎర్ర బటన్ దగ్గరే నీటి బొట్లు కనబడితే అదీ అంతే. లోపలి సీలు పోయి నీళ్లు మోటారులోకి దిగుతున్నాయి, మార్చాల్సిందే. మార్చే వాళ్లకి ఒక్క హెచ్చరిక. డిష్‌వాషర్ గొట్టం తగిలించే మూతి కొత్త మిషన్‌లో లోపల ప్లాస్టిక్ బిరడాతో మూసి వస్తుంది. దాన్ని సుత్తితో తట్టి ఊడగొట్టి, ఆ ముక్కను లోపలి నుంచి తీయకుండా బిగిస్తే డిష్‌వాషర్ నీళ్లు పోవు.

రెండో జబ్బు: అన్నం

మిషన్ తిరుగుతోంది, ఎడమ గుంటలో నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా డిస్పోజల్ వేసినప్పుడల్లా ఎడమ గుంటలో ఇంకా పైకి వస్తున్నాయి. రెండు గుంటల గొట్టాలూ కలిసిన చోటుకి కింద, అంటే ఆ వంపు గొట్టంలో, పి-ట్రాప్‌లో, అడ్డం ఉంది.

ముందు ప్లంజర్. దానికి రెండు ఏర్పాట్లు తప్పవు. ఎడమ గుంట రంధ్రంలో తడి గుడ్డ కుక్కి ఎవరైనా అరచేత్తో నొక్కి పట్టుకోవాలి, లేకపోతే ఒక వైపు నొక్కిన గాలి రెండో వైపు చిమ్ముతుంది. డిష్‌వాషర్ నుంచి వచ్చే గొట్టాన్ని క్లాంపుతో బిగించి మూయాలి. మరిచిపోతే మురికి నీళ్లు డిష్‌వాషర్‌లోకి, కడిగిన గిన్నెల మీదికి పోతాయి. ఈ కేసులో ఇరవైసార్లు పైకీ కిందికీ నొక్కినా మట్టం అంగుళం తగ్గి ఆగింది. పైపు శుభ్రం చేసే రసాయనం పోద్దామా అని ఇంటాయన అడిగాడు. ససేమిరా వద్దు. అడ్డం కరగకపోతే ఆ ద్రవం గొట్టంలోనూ డిస్పోజల్‌లోనూ నిలబడిపోతుంది. తర్వాత గొట్టం విప్పే వాడి చేతుల మీదా కళ్లల్లోనూ అదే పడుతుంది.

సింక్ కింద బకెట్ పెట్టి పి-ట్రాప్ రెండు మరలు విప్పాం. ప్లాస్టిక్ మరలు చేత్తోనే వస్తాయి, బిగుసుకుంటేనే పకడు. వంపు చేతికి వచ్చేసరికి బరువుగా ఉంది. తలకిందులు చేస్తే ఏమీ రాలలేదు. లోపల తెల్లగా, బిగుతుగా, సున్నం మెత్తినట్టు అన్నం పేస్టు. దానిలో అడ్డంగా కరివేపాకు కాడలు, పీచు, పసుపు రంగు నెయ్యి జిడ్డు. పాత టూత్‌బ్రష్‌తో, వేలితో తీసి బకెట్‌లో పడేస్తే ఒక గ్లాసు నిండా వచ్చింది.

వండిన అన్నాన్ని డిస్పోజల్ బాగానే నలుపుతుంది. ఆ నలగడమే ఇబ్బంది. మెతుకుగా ఉంటే నీళ్లతో కొట్టుకుపోయేది, నలిగాక పిండి జిగురవుతుంది. చల్లటి గొట్టంలో నీళ్లు తక్కువ పారితే అది వంపు అడుగున చేరి గట్టిపడుతుంది. గంజి పెట్టిన చీర ఆరాక ఎలా బిరుసెక్కుతుందో అదే పని. దాని మీద నెయ్యి చల్లారి పొర కడుతుంది. వేడినీళ్లు వాడితే నెయ్యి కరిగి పోతుంది కదా అంటారు. పోతుంది, ఆరడుగుల దూరం. అక్కడ గొట్టం చల్లగా ఉన్న చోట మళ్లీ పేరుకుంటుంది, అప్పుడు మీ చేతికి అందదు. చల్లటి నీళ్లతో అయితే కొవ్వు గడ్డగానే ఉండి ముక్కలై కొట్టుకుపోతుంది.

తిరిగి బిగించేటప్పుడు మరలో ఉండే వాషర్ దిశ చూసుకోవాలి. ఏటవాలు వైపు గొట్టం మూతి వైపుకి, చదునైన వైపు మర వైపుకి. తిరగేసి పెడితే ఎంత బిగించినా కారుతుంది. చేత్తో బిగించి, పకడుతో పావు చుట్టు, అంతే. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. తర్వాత రెండు గుంటలూ నిండా నీళ్లు పట్టి ఒకేసారి వదిలాం. మామూలుగా పారే నీళ్లకి బయటపడని కారుడు ఈ ఒత్తిడికి బయటపడుతుంది. ప్రతి మర కిందా పొడి టిష్యూ పేపరు రాసి చూశాం. పొడిగానే ఉంది. విప్పడం మొదలెట్టిన దగ్గర్నుంచి ఇక్కడికి గంటా పావు పట్టింది.

ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు

ఈ మిషన్‌ని అమెరికా రాష్ట్రం విస్కాన్సిన్‌లోని రాసీన్‌లో జాన్ హామెస్ అనే ఆర్కిటెక్ట్ 1927లో తయారు చేశాడు. మన కంచంలో మిగిలేవి ఆయన లెక్కలోకి వచ్చి ఉండవు. నమిలి ఉమ్మేసిన మునక్కాయ పిప్పి, కరివేపాకు, పండుమిరప తొడిమలు, చింతపిప్పి, కొబ్బరి పీచు. ఇందులో ఒక్కటీ డిస్పోజల్‌లో వేయదగినది కాదు. గోంగూర కాడల గురించి వేరే చెప్పాలి. గోంగూర, గోగు ఒకే జాతి మొక్కలు. గోగునారతో తాళ్లు పేనతారు. ఆ కాడలు లగ్గుల మీద పడితే అక్కడా తాడే పేనుకుంటుంది. అరటికాయ తొక్క, మొక్కజొన్న పీచు, పనసతొన చుట్టూ ఉండే పీచు కూడా ఇదే బాపతు. మామిడి టెంక గురించి చెప్పక్కర్లేదు. మాంసం ఎముకల్లో మెత్తటి కోడి ఎముక కాస్త నలుగుతుంది గానీ మేక నల్లి ఎముక వేయకండి.

అన్నం, పప్పు, ఇడ్లీ పిండి కొద్దిగా అయితే ఫరవాలేదు, నీళ్లు ధారాళంగా ఉంటే. కుక్కర్ అడుగున మిగిలిన అన్నమంతా ఒకేసారి తోయొద్దు. కొలత ఇలా చూసుకోవచ్చు. కుళాయి కింద లీటరు జగ్గు పెడితే పది సెకన్లలో నిండాలి. ఆ ధార కన్నా సన్నగా పెట్టి డిస్పోజల్ వేయకూడదు. చప్పుడు తేలికపడి ఖాళీగా తిరిగే శబ్దం వచ్చాక కూడా పదిహేను ఇరవై సెకన్లు నీళ్లు పారనివ్వాలి. చాలామంది చప్పుడు మారగానే రెండూ ఒకేసారి ఆపేస్తారు, నలిగిన పిండి సగం గొట్టంలోనే ఉండిపోతుంది. ఊరి చివర సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లయితే వాడకం ఇంకా తగ్గించుకోవాలి, ఆ పిండంతా ట్యాంకు అడుగున చేరి ముందే తోడించాల్సి వస్తుంది.

ఈ ఇంట్లో చేసిన ఏర్పాటు చిన్నది. రెండు గుంటలకీ చెరో స్టీలు జల్లెడ. చింతపండు పిసికేటప్పుడు పక్కన ఖాళీ డబ్బా, అందులోకే పిప్పి. కంచాలు సింక్ దగ్గరికి వచ్చే ముందే ఎంగిలి చెత్తబుట్టలోకి. పావు అంగుళం కీని సింక్ కింద తలుపు లోపలి వైపు టేపుతో అతికించి, పైన మార్కర్‌తో "పావు అంగుళం, 6 ఎం.ఎం. కాదు" అని రాశాం. ఆ కింద పెద్దావిడ కోసం ఇంకో వరస: "గుయ్యిమంటే స్విచ్ ఆపండి, బటన్ నొక్కొద్దు."